పాత కారు ఇంజనులో ఏది ముందు: టాపెట్లా, టైమింగా?

నెల్లూరులోనో ఒంగోలులోనో పాత పెట్రోల్ అంబాసిడర్‌నో, ప్రీమియర్ పద్మినినో, కార్బురేటర్ కాలం నాటి మారుతి 800నో ఇంకా ప్రేమగా నడుపుకుంటున్న వాళ్లకి షెడ్డులో ఈ మాట తరచూ వినిపిస్తుంది: "టాపెట్లు కొట్టుకుంటున్నాయన్నా, బిగించేద్దాం. టైమింగ్ కూడా కాస్త ముందుకు లాగుదాం, పికప్ బాగుంటది." టాపెట్ల పని అంటే వాల్వులని తెరిచే భాగాల మధ్య సందు సరిచేయడం, టైమింగ్ అంటే ప్లగ్గులో నిప్పురవ్వ పడే సమయం. రెండూ మంచి మాటల్లాగే ఉంటాయి. పని అయ్యాక చప్పుడు పోతుంది, ఐడ్లింగ్‌లో (బండి ఆగి ఇంజను మాత్రం నడుస్తున్నప్పుడు) ఇంజను చురుగ్గా పలుకుతుంది, ఓనరు సంతోషంగా డబ్బులిచ్చి వెళ్తాడు. కొన్ని నెలలకు పొగ బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వు కాలిపోయి ఇంజను పైభాగమైన హెడ్ దించాల్సి వస్తే, దానికీ ఆ రోజు చేసిన సెట్టింగుకీ సంబంధం ఉందని ఎవరికీ తట్టదు.

అంబాసిడర్, మారుతి 800 రెండింటి తయారీ 2014లో ఆగిపోయింది. పద్మిని అంతకు చాలా ముందే ఆగింది. ఇప్పటి కార్లలో ఎప్పుడు నిప్పురవ్వ పడాలో కంప్యూటరే చూసుకుంటుంది, నాకింగ్ (సిలిండర్‌లో సరుకు అదుపు తప్పి అంటుకోవడం) పసిగట్టే సెన్సర్ ఉన్న బండి అయితే తేడా వచ్చిన క్షణంలోనే సరిచేసుకుంటుంది. కాబట్టి కొత్తగా పనిలోకి వచ్చిన కుర్రాళ్లకి స్కానర్ తెలిసినంతగా సందు కొలిచే సన్నటి ఆకుల ఫిల్లర్ గేజ్ తెలియకపోవడంలో వింతేమీ లేదు. వాళ్ల ముందు పాత బండి పెట్టి చెవితో సెట్ చేయమనడమే సమస్య.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. జబ్బు ఉందని పసిగట్టడానికి చెవి చాలా మంచిది, సెట్టింగుకి మాత్రం పనికిరాదు. టాపెట్ల విషయంలో చెవికి నచ్చేది వాల్వులకి చేటు. టైమింగ్ విషయంలో చెవికి నచ్చేది పిస్టన్లకి చేటు. ఎందుకలా అన్నది అర్థమైతే, ఏ పని ముందు చేయాలన్న ప్రశ్న కూడా తేలిపోతుంది.

సందు ఎందుకు వదలాలి

పీల్చడం, నొక్కడం, మండటం, వదలడం. ఈ నాలుగు పనులకి పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే వాల్వులని తెరిపించే క్యామ్ షాఫ్ట్ ఒక్క చుట్టు తిరుగుతుంది. అంబాసిడర్ ఇంజనులో క్యామ్ షాఫ్ట్ కింద బ్లాకులో ఉంటుంది. దాని మీది ఉబ్బు టాపెట్‌ని ఎత్తుతుంది, టాపెట్ పుష్‌రాడ్‌ని ఎత్తుతుంది, పుష్‌రాడ్ పైనున్న రాకర్‌ని ఎత్తుతుంది. రాకర్ రెండో కొస దిగి వాల్వు కాడను నొక్కుతుంది. ఉబ్బు పక్కకి తప్పుకోగానే స్ప్రింగు వాల్వుని మూసేస్తుంది. వాల్వు మూసుకుని ఉన్నప్పుడు రాకర్ కొసకీ వాల్వు కాడకీ మధ్య చిన్న సందు ఉండాలి. టాపెట్ సెట్టింగు అంటే ఆ సందుని కొలిచి పెట్టడమే.

1489 సీసీ పెట్రోల్ అంబాసిడర్‌కి ఆ సందు 15 థౌ. అంటే అంగుళంలో వెయ్యి భాగాలు చేస్తే 15 భాగాలు, మన లెక్కలో 0.38 మిల్లీమీటర్లు. పద్మినికీ మారుతికీ అంకెలు వేరు. చల్లగా ఉన్నప్పుడు ఎంత, వేడెక్కాక ఎంత అనేది కూడా ఆయా బండి మాన్యువల్‌లో చూసుకోవాలి. ఒక బండి అంకె తెచ్చి ఇంకో బండికి పెట్టకూడదు.

సందు ఎందుకంటే, లోహం వేడికి సాగుతుంది. ఇంజను లాగుతున్నప్పుడు ఎగ్జాస్ట్ వాల్వు తల సుమారు 700 డిగ్రీల దాకా వేడెక్కుతుంది, ఆ వేడికి కాడ పొడవవుతుంది. ముందుగా ఖాళీ వదలకపోతే, సాగిన కాడ రాకర్‌కి ఆనుకుని వాల్వు పూర్తిగా మూసుకోదు. మూసుకోకపోతే కంప్రెషన్ పోతుంది, ఇది అందరికీ తెలిసిందే. అంతకంటే పెద్ద నష్టం వేరే ఉంది. ఎగ్జాస్ట్ వాల్వు తనలోని వేడిలో ఎక్కువ భాగాన్ని వదిలించుకునేది సీటు మీద కూర్చున్న ఆ కొద్ది క్షణాల్లోనే. సీటు నుంచి హెడ్‌కి, హెడ్ నుంచి నీళ్లకి, అక్కడి నుంచి రేడియేటర్‌కి. సరిగ్గా కూర్చోని వాల్వుకి ఆ దారి మూసుకుపోతుంది. పైగా మండే గ్యాసు ఆ సన్నటి సందులోంచి చిమ్ముకుంటూ వాల్వు అంచుని కోసేస్తుంది. కాలిన వాల్వుని బయటికి తీసి చూస్తే అంచులో ఒక్క చోట మాత్రమే తినేసినట్టు ఉండటానికి కారణం ఇదే.

సందు ఎక్కువైతే ఏమవుతుంది? టిక్కు టిక్కుమని చప్పుడు వస్తుంది. వాల్వు కాస్త ఆలస్యంగా తెరుచుకుని తొందరగా మూసుకుంటుంది, పూర్తిగా ఎత్తుకోదు కూడా. రాకర్ వచ్చి కాడను కొడుతుంది కాబట్టి రెండూ అరుగుతాయి. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో వాల్వు సెకనుకి 25 సార్లు తెరుచుకుంటుంది, అన్ని దెబ్బలూ పడతాయి. ఇవన్నీ నిజమే. అయినా ఇది నెమ్మదిగా అరిగించే రోగం, అరుస్తూ చెప్పే రోగం. సందు తగ్గడం మాత్రం నిశ్శబ్దంగా వచ్చి హెడ్ దించే రోగం. "టాపెట్ చప్పుడే లేదు, ఎంత స్మూత్‌గా ఉందో చూడు" అని మురిసిపోయే బండినే నేను ముందు గేజ్ పెట్టి చూస్తాను.

ఈ సందు మనం ముట్టుకోకపోయినా మారుతూ ఉంటుంది, అదీ రెండు ఎదురు దిక్కుల్లో. రాకర్ కొస, పుష్‌రాడ్ చివర్లు అరిగితే సందు పెరుగుతుంది. వాల్వు సీటు అరిగితే వాల్వు పైకి, హెడ్ లోపలికి ఎక్కుతుంది. దాంతో కాడ రాకర్‌కి దగ్గరై సందు తగ్గుతుంది. మన దేశంలో 2000 ఫిబ్రవరి నాటికి సీసం కలిపిన పెట్రోల్ పూర్తిగా ఆగిపోయింది. మనుషుల ఆరోగ్యానికి అది తప్పనిసరిగా జరగాల్సిన పని. అయితే పాత ఇంజన్లలో ఎగ్జాస్ట్ సీట్లు తొందరగా అరగకుండా కాపాడింది ఆ సీసం పొరే. మెత్తటి పోత ఇనుము సీట్లున్న పాత హెడ్‌కి గట్టి సీటు రింగులు వేయించకుండా హైవే మీద దంచితే సీటు లోపలికి కుంగుతుంది. గ్యాసు కిట్ పెట్టించిన బండికి ఇది ఇంకా ఎక్కువ, పొడిగా మండే ఎల్పీజీ సీటుకి ఏ రకమైన తడీ ఇవ్వదు. అలాంటి బండికి "చప్పుడు వచ్చినప్పుడు చూద్దాంలే" అనే పద్ధతి అసలు పనికిరాదు, ఆ చప్పుడు ఎప్పటికీ రాదు కాబట్టి.

తొమ్మిది లెక్క

సందు కొలవాలంటే ఆ వాల్వు తాలూకు క్యామ్ ఉబ్బు పూర్తిగా అవతలి వైపు ఉండాలి. పైనుంచి చూస్తే క్యామ్ కనపడదు కదా, మరి ఎలా తెలుస్తుంది? 1-3-4-2 వరసలో పేలే నాలుగు సిలిండర్ల అంబాసిడర్ ఇంజనుకి అందమైన లెక్క ఒకటి ఉంది. రేడియేటర్ వైపు నుంచి వాల్వులకి 1 నుంచి 8 దాకా నంబర్లు వేసుకోండి. ఏ వాల్వు పూర్తిగా తెరుచుకుని ఉందో చూసి, దాని నంబరుని తొమ్మిదిలోంచి తీసేస్తే మిగిలే నంబరు వాల్వుని సెట్ చేయాలి. 8 తెరుచుకుంటే 1, 6 తెరుచుకుంటే 3, 4 తెరుచుకుంటే 5, 7 తెరుచుకుంటే 2. అట్లాగే తిరగేసి మిగిలిన నాలుగూ.

ఇది గుడ్డి లెక్క కాదు. ఈ ఇంజనులో 1, 4 సిలిండర్ల పిస్టన్లు కలిసే ఎక్కుతాయి, కలిసే దిగుతాయి. పనిలో మాత్రం ఒకటి ఇంకోదానికి సగం చక్రం దూరంలో ఉంటుంది. 2, 3 సిలిండర్లూ అంతే. వాల్వులేమో ఎగ్జాస్ట్, ఇన్‌లెట్, ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ అని రెండు వైపులా అద్దంలో చూసినట్టు ఒకే వరసలో పేర్చి ఉంటాయి. అందుకే నాలుగో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వు, అంటే 8, పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటో సిలిండర్ ఎగ్జాస్ట్ ఉబ్బు సరిగ్గా 180 డిగ్రీలు అవతల ఉంటుంది. మూడు సిలిండర్ల మారుతి 800కి ఈ లెక్క చెల్లదు. అక్కడ ఒక్కో సిలిండర్‌నీ కంప్రెషన్ టాప్‌కి (సరుకుని నొక్కి పిస్టన్ పైకి చేరిన చోటికి) తెచ్చి చూసుకోవాల్సిందే.

ఇంజనుని తిప్పడానికి ముందు ప్లగ్గులన్నీ విప్పేస్తే చేతికి తేలిగ్గా వస్తుంది. హ్యాండిల్ ఉంటే హ్యాండిల్‌తో, లేకపోతే టాప్ గేరులో వేసి బండిని కొద్దికొద్దిగా నెట్టి తిప్పవచ్చు. ఫిల్లర్ గేజ్ ఆకు సందులో దూరి, లాగుతుంటే కాస్త పట్టు తగలాలి. ఊరికే జారిపోయినా తప్పే, బలంగా లాగాల్సి వచ్చినా తప్పే. స్క్రూని స్క్రూడ్రైవర్‌తో కదలకుండా పట్టుకుని లాక్‌నట్ బిగించాలి. బిగించాక తప్పకుండా మళ్లీ గేజ్ పెట్టి చూడాలి, లాక్‌నట్ బిగిస్తుంటే స్క్రూ కొంచెమైనా తిరుగుతుంది. హడావిడిలో చాలామంది వదిలేసేది ఈ ఆఖరి అడుగునే.

రాకర్ కొస గుంట పడి ఉంటే గేజ్ కూడా మోసం చేస్తుంది. వెడల్పాటి ఆకు గుంట అంచుల మీద ఆనుకుంటుంది, గుంట లోపలికి దిగదు. గేజ్ 15 చూపిస్తుంది కానీ అసలు సందు అంతకంటే ఎక్కువే. సెట్టింగు అంతా అయ్యాక కూడా ఒక వాల్వు మాత్రం టిక్కుమంటూనే ఉందంటే దాని రాకర్ విప్పి చూడాలి. ఇంకొంచెం బిగించి చప్పుడు ఆపడం ఊహ మీద పని.

ఇంకో సంగతి. అంబాసిడర్‌లో రాకర్ షాఫ్ట్‌ని పట్టి ఉంచే నట్లలో కొన్ని హెడ్‌ని కూడా బిగించేవే. హెడ్ ప్యాకింగ్ మార్చి, కొంత తిరిగాక హెడ్ నట్లు మళ్లీ బిగిస్తే టాపెట్లు మళ్లీ చూడాలి. హెడ్ కాస్త కిందికి దిగిందంటే సందులన్నీ మారినట్టే.

రవ్వ ఎప్పుడు పడాలి

సిలిండర్‌లో పెట్రోల్ ఆవిరి బాంబులా ఒక్కసారిగా పేలదు. ప్లగ్గు దగ్గర అంటుకున్న మంట అవతలి గోడ దాకా పాకుతుంది. ఆ పాకడానికి వెయ్యో వంతు సెకన్లలో లెక్కపెట్టే సమయం పడుతుంది. ఆ మంట ఒత్తిడి పిస్టన్ టాప్ దాటి సుమారు 15 డిగ్రీలు దిగినప్పుడు గరిష్ఠానికి చేరితే ఇంజను బాగా లాగుతుంది. ఉయ్యాలని వెనక్కి వచ్చి ఆగీ ఆగగానే నెడితే ఊపు వస్తుంది, ఇంకా మన మీదికి వస్తుండగా నెడితే చేతికే దెబ్బ తగులుతుంది. పిస్టన్ సంగతీ అంతే. కాబట్టి మంట పాకే సమయం కలుపుకుని రవ్వ టాప్ కంటే ముందే పడాలి.

ఎంత ముందు? ఇక్కడ చిన్న లెక్క వేస్తే విషయం తేటపడుతుంది. మండటానికి సెకనులో వెయ్యో వంతులు రెండు పడతాయనుకుందాం. నిమిషానికి 800 చుట్లు తిరిగే ఐడ్లింగ్‌లో ఆ సమయంలో క్రాంక్ దాదాపు 10 డిగ్రీలు తిరుగుతుంది. 3000 చుట్ల వేగంలో అదే సమయంలో 36 డిగ్రీలు తిరుగుతుంది. నిజానికి వేగం పెరిగేకొద్దీ లోపల గాలి సుడులు పెరిగి మంట కూడా వేగంగా పాకుతుంది కాబట్టి అంత పూర్తిగా అవసరం ఉండదు. కానీ వేగం పెరిగితే రవ్వ ముందుకు జరగాలన్న సంగతి మాత్రం మారదు. ఆ పని, రవ్వ కరెంటుని ఒక్కో ప్లగ్గుకీ పంచే డిస్ట్రిబ్యూటర్ లోపల ఉన్న రెండు చిన్న బరువులు చేస్తాయి. తిరిగే వేగానికి అవి బయటికి విచ్చుకుని, కరెంటుని తెంచే చిన్న స్విచ్చులాంటి పాయింట్లని తెరిచే క్యామ్‌ని ముందుకు తిప్పుతాయి, చిన్న స్ప్రింగులు వాటిని వెనక్కి లాగుతాయి. పక్కనున్న గుండ్రటి వ్యాక్యూమ్ డబ్బా పని వేరు. యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కి సాఫీగా పోతున్నప్పుడు సిలిండర్‌లోకి తక్కువ సరుకు (పెట్రోల్, గాలి మిశ్రమం) వెళ్తుంది, పల్చటి సరుకు నెమ్మదిగా మండుతుంది, దానికి ఇంకా ముందు రవ్వ కావాలి. కార్బురేటర్ దగ్గర వ్యాక్యూమ్ ఆ సంగతి పసిగట్టి పాయింట్ల ప్లేటుని లాగుతుంది. పూర్తిగా తొక్కితే వ్యాక్యూమ్ పడిపోయి ఆ అదనపు అడ్వాన్స్ (రవ్వ ముందుకు జరగడం) పోతుంది.

మనం చేత్తో డిస్ట్రిబ్యూటర్ బాడీని తిప్పి పెట్టేది ఈ మొత్తం కథకి మొదలు మాత్రమే. మొదలు తప్పితే పైనున్నదంతా అంతే తప్పుతుంది. మొదలు సరిగ్గా పెట్టినా లోపల బరువులు ఎండిన గ్రీజులో ఇరుక్కుపోయి ఉంటే స్పీడు మీద బండి మొండికేస్తుంది. స్ప్రింగులు సాగిపోతే రవ్వ అవసరానికి మించి ముందుకు పోతుంది. డబ్బాలో డయాఫ్రం చిరిగితే మైలేజీ పడిపోతుంది. రబ్బరు గొట్టం విప్పి నోటితో పీల్చి చూస్తే, ప్లేటు కదిలి అలాగే నిలబడాలి, లేకపోతే డబ్బా పోయినట్టే. ఇంత సులువైన పరీక్షని కూడా చాలా షెడ్లలో చేయరు, బాడీ తిప్పడం ఇంకా సులువు కాబట్టి.

ఇప్పుడు చెవి దగ్గరికి వద్దాం. ఐడ్లింగ్‌లో డిస్ట్రిబ్యూటర్‌ని అడ్వాన్స్ వైపు తిప్పుతూ పోతే ఇంజను వేగం పెరుగుతుంది, శబ్దం చురుగ్గా మారుతుంది. "ఇక్కడ బాగా పలుకుతోంది" అని అక్కడే బిగించేస్తారు. ఐడ్లింగ్‌లో సిలిండర్ నిండా సరుకుండదు, ఉన్న కొద్దిపాటి సరుకు మెల్లగా మండుతుంది. కాబట్టి ఆ స్థితికి నచ్చిన అడ్వాన్స్, బరువుతో లాగే స్థితికి చాలా ఎక్కువ. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కి ఎత్తు ఎక్కించినప్పుడు మంట పాకుతుండగానే మిగిలిన సరుకు ఒత్తిడికి, వేడికి తనంతట తాను అంటుకుంటుంది. లోహం మీద చిన్న రాళ్లు రాలినట్టు వినిపించే గలగల అదే. అది పిస్టన్ తలనీ, హెడ్ ప్యాకింగ్‌నీ, బేరింగులనీ తింటుంది.

ఈ నాకింగ్‌నీ టాపెట్ చప్పుడునీ ఒకటిగా అనుకోవడం మామూలు. తేడా పట్టడం కష్టం కాదు. టాపెట్ టిక్కు ఐడ్లింగ్‌లో కూడా ఉంటుంది, ఇంజను వేగంతో పాటు పెరుగుతుంది, లోడుతో దానికి పనిలేదు. నాకింగ్ తొక్కినప్పుడే వస్తుంది, కాలు తీయగానే పోతుంది.

మన ప్రాంతంలో దీనికి ఇంకో చిక్కుంది. నెల్లూరు నుంచి కావలి, సింగరాయకొండ మీదుగా ఒంగోలు దాకా హైవే దాదాపు బల్లపరుపు నేల. టైమింగ్ అతిగా ముందుకు ఉన్న బండి కూడా ఆ దారిలో ఏ గొడవా లేకుండా పోతుంది, పైగా "ఏం పికప్ రా" అనిపిస్తుంది. అదే బండిలో ఐదుగురు ఎక్కి, సామాన్లేసుకుని దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కితే గలగల మొదలవుతుంది. రోహిణి కార్తె ఎండలో అయితే ఇంకా ముందే. బానెట్ కింద కాగిన గాలినే ఇంజను పీలుస్తుంది, వేడి గాలితో నాకింగ్ తొందరగా వస్తుంది. ఘాట్ దాకా వెళ్లకుండానే తెలుసుకోవాలంటే మార్గం ఉంది. ఇంజను బాగా వేడెక్కాక ఖాళీ రోడ్డు మీద టాప్ గేరులో మెల్లగా పోతూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. వేగం పుంజుకునేలోపు లీలగా గలగలమని ఆగిపోతే పరవాలేదు. అట్లాగే కొనసాగితే వెనక్కి తేవాలి.

వెనక్కి తేవడంలోనూ అతి పనికిరాదు. రవ్వ ఆలస్యమైతే మంట పిస్టన్ వెంటబడి ఎగ్జాస్ట్ దాకా మండుతుంది. పనిగా మారాల్సిన వేడి హెడ్‌కీ, నీళ్లకీ, ఎగ్జాస్ట్ వాల్వులకీ పోతుంది. టెంపరేచర్ ముల్లు పైకి లేస్తుంది, బండి బరువుగా పోతుంది, పెట్రోల్ తాగుతుంది. వేసవిలో వేడెక్కుతోందని రేడియేటర్ కడిగించి, థర్మోస్టాట్ పీకేసి, ఫ్యాన్ బెల్టు మార్చి, అసలు కారణమైన రిటార్డ్‌ని (రవ్వ ఆలస్యాన్ని) చూడకుండా వదిలేసిన బండ్లు చాలా ఉంటాయి. థర్మోస్టాట్ పీకేయడం మనవాళ్లకి ఎందుకంత ఇష్టమో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

అందుకే ఈ వరస

ముందు టాపెట్లు, తర్వాత పాయింట్లు, ఆ తర్వాత టైమింగ్, ఆఖరున కార్బురేటర్. ఒకదాన్ని మారిస్తే దాని తర్వాతివి మారతాయి, ముందువి మారవు.

వాల్వు సరిగ్గా మూసుకోని సిలిండర్‌లో కంప్రెషన్ తక్కువ, మంట నెమ్మది. అలాంటి ఇంజనుకి టైమింగ్ ముందుకు లాగితే తాత్కాలికంగా బాగుపడినట్టు కనిపిస్తుంది. తర్వాత టాపెట్లు సరిచేస్తే ఆ టైమింగ్ అతి అవుతుంది. పాయింట్లదీ ఇదే కథ. అంబాసిడర్‌కి పాయింట్ గ్యాప్ 14 నుంచి 16 థౌ. పాయింట్లు తెరుచుకున్న క్షణంలోనే కాయిల్‌లో అయస్కాంత క్షేత్రం కూలి వేల వోల్టుల కరెంటు ప్లగ్గుకి పోతుంది, అంటే రవ్వ పడే క్షణాన్ని నిర్ణయించేది పాయింట్లే. గ్యాప్ పెంచితే అవి ముందే తెరుచుకుంటాయి, టైమింగ్ అడ్వాన్స్ అవుతుంది. తగ్గితే ఆలస్యంగా తెరుచుకుని రిటార్డ్ అవుతుంది. టైమింగ్ పెట్టాక పాయింట్లు ముట్టుకున్నారంటే పెట్టిన టైమింగ్ పోయినట్టే.

టైమింగ్ పెట్టడానికి పెద్ద సామాను అక్కర్లేదు. చిన్న 12 వోల్టుల బల్బుకి రెండు వైర్లు ఉంటే చాలు. ఒక వైరు కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి సన్న వైరు పోయే టెర్మినల్‌కి, ఇంకోటి బాడీ ఎర్త్‌కి. మాన్యువల్‌లో ఉన్న డిగ్రీలకి పుల్లీ గుర్తుని తెచ్చి, స్విచ్ ఆన్ చేసి, డిస్ట్రిబ్యూటర్ క్లాంప్ వదులు చేయాలి. డిస్ట్రిబ్యూటర్ లోపలి రోటర్ తిరిగే దిక్కుకి బాడీని కొంచెం తిప్పితే బల్బు ఆరుతుంది. అక్కడి నుంచి ఎదురు దిక్కుకి నిదానంగా తెస్తే, పాయింట్లు విడిపోగానే వెలుగుతుంది. వెలిగిన చోట బిగించాలి. గుర్తు దగ్గరికి ఇంజనుని ఎప్పుడూ అది మామూలుగా తిరిగే దిక్కులోనే తేవాలి. గుర్తు దాటిపోతే బాగా వెనక్కి తిప్పి మళ్లీ రావాలి, లేకపోతే టైమింగ్ చైను లూజంతా లెక్కలోకి వచ్చేస్తుంది.

గుర్తు కలిసినంత మాత్రాన ఒకటో సిలిండర్ పేలే స్థితిలో ఉందని కాదు. నాలుగు స్ట్రోకుల్లో పిస్టన్ రెండుసార్లు టాప్‌కి వస్తుంది, పుల్లీ గుర్తు రెండుసార్లూ కలుస్తుంది. ఒకటో సిలిండర్ రాకర్లు రెండూ వదులుగా ఉండి, నాలుగో సిలిండర్‌లో ఒక వాల్వు మూసుకుంటూ ఇంకోటి తెరుచుకుంటూ ఉంటే అదీ సరైన టాప్. ఇది చూడకుండా డిస్ట్రిబ్యూటర్ విప్పి పెడితే, స్టార్ట్ చేయగానే కార్బురేటర్‌లోంచి తుస్సుమంటూ మంట రావచ్చు. హ్యాండిల్ కొట్టేవాళ్లకి ఇంకో మాట: అడ్వాన్స్ ఎక్కువైన ఇంజను హ్యాండిల్‌ని వెనక్కి తంతుంది. బొటనవేలు కూడా మిగతా వేళ్ల వైపే పెట్టి, కింది నుంచి పైకి లాగాలి తప్ప కిందికి నొక్కకూడదు.

టైమింగ్ లైటు ఉంటే ఇంజను నడుస్తుండగానే గుర్తు చూడవచ్చు. వ్యాక్యూమ్ గొట్టం విప్పి మూసి చూడాలి. ఐడ్లింగ్ నుంచి వేగం పెంచుతుంటే గుర్తు సాఫీగా ముందుకు జరగాలి. ఆగి ఆగి జరిగినా, అసలు జరగకపోయినా లోపల బరువుల సంగతి చూడాలి.

టైమింగ్ మీదికి నెట్టేసే వేరే రోగాలు కూడా ఉన్నాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి ఈశాన్య రుతుపవనాల వానలు. ఆ ముసురులో పొద్దున్నే బండి మిస్ కొడితే చాలామంది డిస్ట్రిబ్యూటర్‌ని అటూ ఇటూ తిప్పుతారు. మూత విప్పి లోపలి తేమని పొడి గుడ్డతో తుడిస్తే సగం సార్లు తీరిపోతుంది. తుడిచినా తీరకపోతే మూత లోపల సన్నటి నల్లగీత ఏమైనా ఉందా అని చూడాలి, కరెంటు ఆ గీత వెంట దొంగదారిన పోతుంది. మారుతిలో అయితే టైమింగ్ బెల్టు ఒక పన్ను జారితే వాల్వులు తెరుచుకునే సమయమే మారిపోతుంది. డిస్ట్రిబ్యూటర్ తిప్పి రవ్వని సరిచేయగలం కానీ వాల్వుల్ని కాదు.

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్ సంగతి. 20 శాతం ఇథనాల్ కలిపింది వచ్చాక మైలేజీ తగ్గిందని టైమింగ్ మార్పించుకునే వాళ్లున్నారు. ఒక లీటరు ఇథనాల్‌లో ఉన్న శక్తి ఒక లీటరు పెట్రోల్‌లోని శక్తికి మూడింట రెండు వంతులే. కాబట్టి మైలేజీలో కొంత తగ్గడం ఇంధనం లోపమే, సెట్టింగు లోపం కాదు. ఇథనాల్ నాకింగ్‌ని తట్టుకుంటుంది కాబట్టి దాని వల్ల గలగల పెరగదు. కార్బురేటర్ బండిలో అసలు తేడా మిశ్రమంలో వస్తుంది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంది, పాత జెట్టులోంచి (కార్బురేటర్‌లో పెట్రోల్ వచ్చే సన్నటి రంధ్రం) అంతే ఇంధనం వస్తే మిశ్రమం పల్చబడుతుంది. ప్లగ్గులు మరీ తెల్లగా కనిపిస్తూ, తొక్కినప్పుడు బండి తడబడుతుంటే చూడాల్సింది జెట్టుని, డిస్ట్రిబ్యూటర్‌ని కాదు. పాత రబ్బరు గొట్టాలు, కార్బురేటర్ ప్యాకింగులు కూడా అప్పుడే చూసుకోవాలి.

ఇవన్నీ అయ్యాకే కార్బురేటర్ స్క్రూలు. టైమింగ్ సరైన చోటికి వస్తే ఐడ్లింగ్ వేగం దానంతట అదే మారుతుంది కాబట్టి దాన్ని ముందు పెట్టి లాభం లేదు. కొత్త పాయింట్లు వేసి ఉంటే కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక గ్యాప్ మళ్లీ కొలవాలి. క్యామ్ మీద రాసుకునే పాయింటు మడమ కొత్తలో తొందరగా అరిగి గ్యాప్ తగ్గుతుంది, టైమింగ్ ఆ మేరకు వెనక్కి జారుతుంది. గ్యాప్ పెట్టే ముందు క్యామ్ మీద కొద్దిగా గ్రీజు రాస్తే ఆ అరుగుదల తగ్గుతుంది. ఎక్కువ రాస్తే అది ఎగిరి పాయింట్ల మీద పడుతుంది, మర్నాడు బండి స్టార్ట్ కాదు.